రెక్క ఎముక సాక్ష్యం

ఈ రోజు విజయవాడలో వైద్య పట్టాలు అందుకుంటున్న మీకు నా అభినందనలు. మర్యాదలు ఇంతటితో ముగించి, మిగిలిన సమయమంతా ఒక్క కీలుకే ఇస్తాను. అది భుజం. పెద్ద కీళ్లలో అన్నిటికంటే ఎక్కువగా జారేది అదే. అందుకని దాన్ని పరిణామం మిగిల్చిన లోపమని తేల్చేసేవాళ్లున్నారు. ఆ తీర్పు సగమే నిజం. సగం నిజంతో వైద్యం చేయకూడదన్నదే నా వాదన.

ముందు సాక్ష్యం చూద్దాం. మన ఊళ్లలో తిరిగే కొండముచ్చు ఛాతీ ఇరుకుగా, లోతుగా ఉంటుంది. రెక్క ఎముకలు దాని పక్కలకు ఉంటాయి. కొమ్మల మీద నాలుగు కాళ్లతో నడవడానికి అదే అనువు. గిబ్బన్, చింపాంజీ వంటి తోకలేని వానరాల్లో ఛాతీ వెడల్పయింది, జత్రుక పొడవైంది, రెక్క ఎముకలు వీపు మీదికి చేరాయి. చెయ్యి అన్ని వైపులకూ తిరిగే స్వేచ్ఛ అలా వచ్చింది. మన ఛాతీ కూడా ఆ కోవదే. కాకపోతే భుజాస్థి తల ఆనుకునే గుంట చింపాంజీలో పైకి చూస్తే, మనలో పక్కకు చూస్తుంది. ఇథియోపియాలోని డికికాలో దొరికిన 33 లక్షల ఏళ్ల నాటి పసిపాప రెండు కాళ్ల మీద నడిచే జాతిదే, అయినా ఆ రెక్క ఎముకలో వానర లక్షణాలు బలంగా ఉన్నాయి. కెన్యాలో 1984లో బయటపడ్డ, సుమారు 15 లక్షల ఏళ్ల నాటి బాలుడి అస్థిపంజరంలో ఆ గుంట మన తీరుకు వచ్చేసింది. కాళ్లు ముందు మారాయి, భుజం చాలా ఆలస్యంగా మారింది. శరీరం మొత్తం ఒక్కసారిగా మారదని శివాలిక్ కొండల్లో దొరికిన శివాపిథెకస్ అనే ప్రాచీన వానరం కూడా చెబుతుంది. దాని ముఖం ఒరాంగుటాన్‌ను పోలితే, భుజాస్థి నాలుగు కాళ్లతో నడిచే కోతిని పోలింది.

మరి మన భుజంలో ఈ మార్పు దేనికి? విసరడానికని ఒక బలమైన వాదన. చెయ్యి వెనక్కి లాగినప్పుడు భుజం చుట్టూ ఉన్న స్నాయువులు శక్తిని దాచుకుని ఒక్కసారిగా వదులుతాయని పరిశోధకుడు నీల్ రోచ్ బృందం 2013లో చూపింది. జొన్నచేలో మంచె మీద వడిసెల తిప్పే రైతు చేసేదీ విసరడమే. పనిముట్లు చేసుకోవడానికే మారి ఉండవచ్చు కదా అని అడగవచ్చు. కావచ్చు. కారణం మీద వివాదం ఉన్నా, మార్పు జరిగిన క్రమం ఎముకల్లోనే ఉంది. డెల్టాలో గీత కార్మికులు ఇప్పటికీ తాటిచెట్లు ఎక్కుతున్నారు, ఎక్కే భుజం పోయిందెక్కడ అనేది ఇంకో అభ్యంతరం. గీత కార్మికుణ్ని మాను మీద నిలబెట్టేది మోకు, కాళ్ల బలం. పొడవాటి చేతుల పనిని ఆ మోకుతాడు చేస్తోంది. ఎముక వదులుకున్నదాన్ని మనిషి నేర్పుతో తెచ్చుకున్నాడు.

ఇక నా బెంగ చెబుతాను. లోతులేని గుంటలో పెద్ద గుండు తిరిగే కీలు స్థిరత్వాన్ని ఇచ్చి స్వేచ్ఛను కొనుక్కుంది. గూడ ఎందుకు జారగలదో ఆ చరిత్ర చెబుతుంది. మీ ఎదుట కూర్చున్న మనిషికి ఇవాళ ఎందుకు నొప్పి పుట్టిందో అది చెప్పదు. ఓపీలో అంత తీరిక ఉండదంటారు. నాయనా, అమ్మా, ఎమ్మారైకి రాసేంత తీరిక ఉన్నప్పుడు, ఏం పని చేస్తావని అడిగే తీరిక లేకపోవడమేమిటి? మోకు వేసే మనిషికీ, బస్తాలు మోసే హమాలీకీ, షుగర్‌తో భుజం పట్టేసిన గృహిణికీ ఒకే మాత్ర రాసిస్తే మీ చదువంతా పేర్ల జాబితాగానే మిగిలినట్టు. పట్టుకుని చూడండి, చెయ్యి ఎత్తించి చూడండి, పని అడగండి, చక్కెర పరీక్ష చేయించండి. లక్షల ఏళ్ల చరిత్ర అందరి భుజంలోనూ ఒకటే. రోగి బతుకు మాత్రం ఎవరిది వారిదే. రెండూ చదివిన వాళ్లే డాక్టర్లు.