మూకనటుని కంఠస్వరము



చార్లీ చాప్లిన్ నడకను చిన్ననాడు అనుకరింపనివారు మనలో అరుదు. అతని కంఠస్వర మెట్టిదో యెరిగినవారు స్వల్పము. నేడు మేము ముచ్చటింపబోవునది దానిని గూర్చియే.

1889లో జన్మించిన చాప్లిన్ తల్లిదండ్రు లిరువురును రంగస్థల గాయకులు. ఒకనాడు పాడుచుండగా తల్లి గొంతు పోయెననియు, ఐదేండ్ల తాను ఆమెకు బదులు పాడితిననియు ఆత్మకథలో వ్రాసికొనెను. ఏడవయేట లండను బీదల శరణాలయము పాలయ్యెను. పిదప కార్నో బృందమున హాస్యగాడై, 1914లో అమెరికా చిత్రములలో ప్రవేశించెను. త్వరలోనే నటుడు, రచయిత, దర్శకుడు అన్నియు తానే!

1927 పిమ్మట చిత్రములు మాటలు నేర్చినవి. చాప్లిన్ లొంగలేదు. ఆ దేశదిమ్మరి నోరు విప్పినచో ఇంగ్లీషువాడగును, విప్పనంతకాలము అందరివాడు. 'సిటీ లైట్స్' (1931)లో పెద్దల ఉపన్యాసములను వట్టి కీచుధ్వనులుగా వినిపించెను. (ఉపన్యాసకులము గనుక మాకును కొంత తగిలినది.) 'మోడరన్ టైమ్స్' (1936)లో, పాట వ్రాసికొన్న చొక్కాచేతి పట్టీ ఎగిరిపోగా, ఏ భాషకును చెందని పలుకులతో పాడెను. కథ తెలియనివారు లేరు. పరభాషల నడుమ బ్రదుకు మనకు ఆ విద్య కొంత పరిచితమే.

తుదకు 1940లో, హిట్లరును పరిహసించిన 'ది గ్రేట్ డిక్టేటర్'లో, నియంతగా పొరబడబడిన యూదు క్షురకుడై, ద్వేషమును విడువుడని లోకమునకు నేరుగా చెప్పెను. అది కళకు భంగమని కొంద రనిరి. మేము ఒప్పుకొనము. దాచుకొన్న గొంతును ఎచ్చట వెచ్చించెనో చూడుడు.

1952లో అతడు పయనమై వెళ్లగా అమెరికా పునఃప్రవేశానుమతిని రద్దు చేసినది. 1972లో గౌరవ ఆస్కారునకు పిలువగా వచ్చి, మాటలు చాలవని రెండు ముక్కలు పలికి, చేతికందిన టోపీతో పాత చమత్కారమును చూపెను.