కూలి కూడా ఖర్చే

ఆరోగ్య అర్థశాస్త్రం పుట్టుపూర్వోత్తరాలు మీకు చెప్పబూనడం తాతకు దగ్గులు నేర్పడమే. కెనెత్ ఆరో 1963 నాటి వ్యాసం, డ్రమండ్ బృందం 1987లో తెచ్చిన పాఠ్యగ్రంథం ఎరగనివారు ఈ హాల్లో ఉండరు. నా పేచీ వాటితో కాదు, వాటిని నర్సుల ముందు, ఫార్మసిస్టుల ముందు విప్పే తీరుతో.

మనలో ఒక పండితవర్గం ఉంది. పేర్లు అక్కర్లేదు, ముందు వరసలోనే కూర్చున్నారు. ఏఎన్ఎంలకు శిక్షణ అంటే వీరికి పొద్దున డిమాండు రేఖ, మధ్యాహ్నం ఉదాసీనతా వక్రరేఖ. వినేవాళ్లు కునుకు తీస్తే, "వాళ్లకు లెక్కలు రావండీ" అంటారు. నెలనెలా మందుల ఇండెంటు రాసే మనిషికి లెక్కలు రావా? బుధవారం టీకాల రోజు చూడండి. బీసీజీ సీసాలో పది డోసులుంటాయి. కలిపాక నాలుగు గంటలు దాటితే పారబోయాల్సిందే. వచ్చింది ఒక్క బిడ్డ. సీసా విప్పితే తొమ్మిది డోసులు వృథా కావచ్చు. మళ్లీ రమ్మంటే ఆ తల్లి ఇంకో రోజు కూలి పోగొట్టుకోవాలి, అసలు రాకపోనూ వచ్చు. అవకాశ వ్యయం గురించి ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలో ఉంది?

ఆ తల్లి కూలి దగ్గరే నా పాత గొడవ మొదలవుతుంది. మీరు విసుక్కున్నా సరే, మళ్లీ ఎత్తుతాను. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం జనం జేబు ఖర్చు వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4. సంతోషమే. కానీ పోయిన కూలి ఆ లెక్కలో లేదు. ఉద్దానం కిడ్నీ రోగిని తీసుకోండి. వారానికి మూడు డయాలసిస్‌లంటే ఏడాదికి 156 రోజులు. తోడొచ్చే కొడుకునీ కలిపితే 312 రోజుల పని. మంచం పక్కన నిలబడే స్టాఫ్ నర్సుకు ఇది తెలుసు. మార్కోవ్ మోడల్ నడిపే మన కుర్ర మేధావులకు అది ఒక గడి కూడా కాదు.

2007లో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైన రోజుల్లో ప్యాకేజీ ధరల మీద సెమినార్లలో గొంతులు చించుకున్నాం. కూలి మాట ఎత్తితే "అది సంక్షేమ శాఖ చూసుకుంటుంది" అని నవ్వినవారున్నారు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్య ఆసరా తెచ్చింది. ఆపరేషన్ అయ్యాక విశ్రాంతి రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. చాలిందా లేదా అన్నది వేరే చర్చ. కూలి పోవడం ఖర్చేనని సర్కారు ఒప్పుకుంది. మన సిలబస్ ఇంకా ఒప్పుకోలేదు.

వార్డు ఖర్చుల లెక్కలు చేతిరాతతో వేసి దాచుకున్న నర్సులు, ఫార్మసిస్టులు చాలామంది ఉన్నారు. వాటిని మన పత్రిక "పద్ధతి లేదు" అని తిప్పి పంపుతోంది. పద్ధతి నేర్పాల్సింది మనం కాదా? సంపాదకవర్గం ఆ వైఖరి మార్చుకోవాలి. సిలబస్ కమిటీలో ఒక స్టాఫ్ నర్సుకు, ఒక ఏఎన్ఎంకు చోటివ్వాలని సాయంత్రం తీర్మానం పెడుతున్నాను. వ్యతిరేకించేవారు ఇప్పుడే పేర్లు ఇవ్వండి, చర్చకు గంట సమయం కేటాయించాను.