వేలిముద్ర వేయించే ముందు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 అంటే డోలు, రేలా ఆట, పాట. వాటి నడుమ మేము ఒక కాగితం గురించి మాట్లాడడానికి వచ్చాం. అది ప్రోగ్రెస్ కార్డు.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. హాస్టల్‌కి ఆదివారం తల్లిదండ్రులు వస్తారు. పిల్లకు తినడానికి ఏదో మూట కట్టుకుని, ఆటో దొరక్కపోతే నడిచి వస్తారు. మేమేమో స్టాంపు ప్యాడు తెరిచి, బొటనవేలు పట్టుకుని కార్డు మీద ఒత్తించేవాళ్లం. "మా పిల్ల ఎట్ల సదువుతాంది మేడం?" అని అడిగితే "బాగానే" అనేవాళ్లం. పని అయిపోయేది.

అట్లా ఒక కోయ తల్లి ఏటేటా ముద్ర వేసింది. కార్డు చదివి చెప్పింది ఆ పిల్లే. "సీ2 వచ్చింది" అంటే ఆ తల్లి, ఒకటి కన్నా రెండు ఎక్కువే కదా అని సంతోషపడింది. 41 నుంచి 50 మధ్య మార్కులకు ఇచ్చే గ్రేడు అది అని ఎవరూ చెప్పలేదు. పదో తరగతిలో పిల్ల లెక్కల్లో తప్పింది. తల్లి వచ్చి ఒకటే మాట అంది: "ఇన్నేండ్లు ఏలిముద్ర ఏసిన. దేనికి ఏస్తున్ననో ఒక్కనాడన్న చెప్పిన్రా?" మా దగ్గర జవాబు లేదు.

బీఈడీలో మేము చదువుకున్నది వేరే. మూల్యాంకనం అంటే పిల్లను జల్లెడ పట్టడం కాదు, పాఠం ఎక్కడ అందలేదో చూసి మళ్లీ చెప్పడం. సీసీఈ పద్ధతి ఉద్దేశం అదే. ఏడాదిలో 4 ఫార్మేటివ్‌లు, 2 సమ్మేటివ్‌లు. ఫార్మేటివ్‌లో రాత పరీక్ష ఒక్కటే ఉండదు. తరగతిలో మాట్లాడడం, నోటు పుస్తకం, ప్రాజెక్టు పని కూడా చూస్తారు. మన పిల్లలు చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల, తెలుగులో అడిగితే తల వంచుకుంటుంది. తెలిసినా మాట రాదు. కార్డు మీద మాత్రం "వెనుకబడింది" అని పడుతుంది.

2009 విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్ చూడండి. తల్లిదండ్రులతో క్రమంగా సమావేశం పెట్టి, పిల్ల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి తెలియజేయడం టీచరు విధి. అంటే ఆ తల్లి అడిగింది దయ కాదు, హక్కు.

ఆ తర్వాత మేము పద్ధతి మార్చుకున్నాం. ఇప్పుడు ఆదివారం వరండాలో చాప వేసి, ఒక్కో తల్లితో పది నిమిషాలు కూర్చుంటాం. ముందు కార్డు తీయం. జూన్‌లో రాసిన పేజీ, ఈ నెల రాసిన పేజీ పక్కపక్కన పెడతాం. పిల్లతో ఒక పేరా చదివిస్తాం. చదువు రాని తల్లికి కూడా బిడ్డ ఎక్కడ ఆగిందో వినిపిస్తుంది. పెద్ద తరగతి పిల్లలు కోయలో చెప్తారు. ముద్ర చివర్లో. అందరికీ అంత సమయం దొరకడం లేదన్నది నిజం. తునికాకు రోజుల్లో చాలామంది రాలేరు కూడా.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం. గూడెంలో చదువుకున్న వాళ్లు మీరు. కార్డులు ఇచ్చినప్పుడు ఒక సాయంత్రం ఇంటింటికీ వెళ్లి మన భాషలో చదివి చెప్పండి. జాలిపడి తక్కువను ఎక్కువ చేసి చెప్పకండి. మార్కులు తగ్గాయని తండ్రి చెయ్యెత్తితే ఆపండి. బడికి వెళ్లే తల్లిదండ్రులకు మూడు ప్రశ్నలు నేర్పండి: మా పిల్ల ఎన్ని రోజులు బడికి వచ్చింది? పోయినసారి రానిది ఇప్పుడు ఏం వచ్చింది? ఇంకా రానిదానికి మీరు ఏం చేస్తారు?

ఆ ప్రశ్నలు మమ్మల్ని కూడా అడగండి. మొదట్లో మాకు ఇబ్బందిగానే ఉంటుంది. అయినా అడగండి. జవాబు వచ్చాకే వేలిముద్ర వేయమని మీ అమ్మలకు చెప్పండి.

సెలవు. జై ఆదివాసీ.