ఆట కనిపెట్టినవాడి పేరే ఆటకి పెట్టాలా? ఫిషర్ నుంచి మా హాస్టల్ మూత దాకా

మీలో చాలామంది ఫోన్‌లో చెస్ యాప్ ఉండే ఉంటుంది. ఒకసారి ఓపెన్ చేసి, మామూలు చెస్ కాకుండా మిగతా ఆటల లిస్ట్ చూడండి. అందులో 'చెస్960' అని ఒకటి ఉంటుంది. దాన్నే కొంతమంది 'ఫిషర్ రాండమ్' అంటారు. ఈ మధ్య పెద్ద టోర్నమెంట్లు వచ్చాక 'ఫ్రీస్టైల్ చెస్' అని కూడా అంటున్నారు. ఆట ఒకటే, పేర్లు మూడు.

ఒక్క ఆటకి మూడు పేర్లు ఎందుకొచ్చాయి? ఆటని కనిపెట్టినవాడి పేరే దానికి పెట్టాలా, అక్కర్లేదా? ఈరోజు దీని గురించి మాట్లాడుకుందాం. నేను చేసిన ఒక తప్పు కూడా ఇందులో ఉంది. మధ్యలో చెప్తా.

ముందు ఆట సంగతి. మామూలు చెస్‌లో వెనక వరస ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కదా. ఏనుగు, గుర్రం, శకటం, మంత్రి, రాజు... అందుకే పెద్ద ప్లేయర్లు మొదటి పదిహేను, ఇరవై ఎత్తులు ఇంట్లోనే బట్టీ పట్టుకుని వచ్చేస్తారు. చెస్960లో ఆ బట్టీ పనిచేయదు. వెనక వరసని కలిపేస్తారు. అలాగని ఎలా పడితే అలా కాదు, రెండు షరతులున్నాయి. రెండు శకటాల్లో ఒకటి తెల్ల గడిలో, ఇంకోటి నల్ల గడిలో ఉండాలి. రాజు రెండు ఏనుగుల మధ్యలో ఉండాలి. ఇద్దరు ప్లేయర్లకీ వరస ఒకేలా వస్తుంది.

960 ఎలా వచ్చిందో లెక్క చూడండి, చాలా సింపుల్. ఒక శకటానికి 4 తెల్ల గడులు, ఇంకోదానికి 4 నల్ల గడులు. 4 ఇంటూ 4, 16. మిగిలిన 6 గడుల్లో మంత్రి ఎక్కడైనా ఉండొచ్చు. 16 ఇంటూ 6, 96. ఇంకా 5 గడులున్నాయి, వాటిలో రెండు గుర్రాల్ని 10 రకాలుగా పెట్టొచ్చు. 960. చివరికి మిగిలే 3 గడుల్లో ఏనుగు, రాజు, ఏనుగు. అక్కడ ఇంకో దారి లేదు. మనం రోజూ ఆడే చెస్ ఈ 960లో ఒకటి, అంతే.

దీన్ని 1996 జూన్ 19న అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్‌లో బాబీ ఫిషర్ ప్రకటించాడు. 1972లో ఐస్‌లాండ్‌లో స్పాస్కీని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయిన అమెరికన్ ఆయన. మరి ఫిషర్ పేరు పెట్టేస్తే పోలా?

మొదటి చిక్కు ఇక్కడే ఉంది. వెనక వరస కలిపేద్దాం అన్న ఆలోచన ఫిషర్‌ది కాదు. 1792లోనే వాన్ జ్యూలెన్ వాన్ నైవెల్ట్ అనే డచ్ ఆయన ఈ మాట రాశాడు. అలాంటి షఫుల్ చెస్ ఆ తర్వాత కూడా ఆడారు. ఫిషర్ చేసింది ఏంటంటే, రాజు ఏనుగుల మధ్యే ఉండాలని రూల్ పెట్టి, క్యాస్లింగ్‌ని కాపాడాడు. ముక్కలు ఎక్కడ మొదలైనా సరే, క్యాస్లింగ్ అయ్యాక రాజు, ఏనుగు మామూలు చెస్‌లో ఎక్కడ ఉంటాయో అక్కడికే వస్తాయి. వినడానికి చిన్న మార్పే. కానీ దానివల్లే ఇది చెస్‌లా అనిపిస్తుంది. ఆ క్రెడిట్ ఆయనకి ఇచ్చి తీరాలి.

ఇలాంటివి చెస్‌లో ఇంకా ఉన్నాయి. 'కాపబ్లాంకా చెస్' అని ఒకటుంది. 80 గడుల బోర్డు, రెండు కొత్త ముక్కలు. ఒకటి ఏనుగులాగా, గుర్రంలాగా కదుల్తుంది. ఇంకోటి శకటంలాగా, గుర్రంలాగా. 1920ల్లో అప్పటి మేటి ప్లేయర్ కాపబ్లాంకా దీన్ని తెచ్చాడు, ఆయన పేరే నిలిచింది. కానీ ఆ రెండు ముక్కల్నీ 1617లోనే కర్రేరా అనే ఇటలీ ఆయన తన పుస్తకంలో పెట్టాడు.

ఇంకోటి వినండి. టోర్నమెంట్లలో వాడే చెస్ ముక్కల మోడల్ పేరు 'స్టాంటన్'. 1849లో ఆ డిజైన్‌ని రిజిస్టర్ చేసింది మాత్రం నథానియల్ కుక్. స్టాంటన్ అప్పట్లో ఫేమస్ ప్లేయర్, ఆ సెట్టుకి ప్రచారం చేశాడు. పేరు ఆయనదైపోయింది. కుక్ పేరు మీలో ఎంతమంది విన్నారు?

స్టాంటన్ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు కొంచెం గుచ్చుకుంది. ఎందుకో చెప్తా.

ఇంజినీరింగ్ సెకండియర్‌లో మా హాస్టల్ రూమ్‌లో ఒక చెస్ బోర్డు ఉండేది. అది నాది. ఒకరోజు గుర్రం ఒకటి పోయింది. మంచాల కింద, బకెట్లలో అంతా వెతికాం, దొరకలేదు. సరే అని దాని బదులు కూల్‌డ్రింక్ బాటిల్ మూత పెట్టాను. అప్పుడు నా రూమ్మేట్ అన్నాడు: "మూత గుర్రంలా ఎందుకురా కదలడం? అది దేన్ని చంపితే దానిలా కదలాలి." ఏనుగుని చంపితే ఏనుగు, మంత్రిని చంపితే మంత్రి. ఫ్రెండ్స్, ఆ ఒక్క రూల్‌తో ఆట మారిపోయింది. పరీక్షల ముందు రాత్రి కూడా ఆడేవాళ్లం. పక్క రూమ్‌ల వాళ్లు వచ్చి నేర్చుకున్నారు, తర్వాత జూనియర్లు నేర్చుకున్నారు. దానికి వచ్చిన పేరేంటో తెలుసా? 'శీను అన్న చెస్'. ఎందుకంటే బోర్డు నాది, రూమ్ బయట గొంతు పెద్దగా వినపడేదీ నాదే.

నేను ఒక్కసారి కూడా "కాదు, అది వాడి ఐడియా" అనలేదు. అబద్ధం చెప్పలేదు, నిజమే. కానీ ఊరుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత మా కాలేజీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక జూనియర్ మూత పెట్టిన బోర్డు ఫోటో పెట్టి, "శీను అన్న చెస్ ఇంకా బతికే ఉంది" అని రాశాడు. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. మావాడు మాత్రం ఒక థంబ్స్ అప్ పెట్టి వదిలేశాడు. ఆ థంబ్స్ అప్ చూసి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సరే, దానికి మళ్లీ వస్తా. ఇప్పుడు రెండో చిక్కు. ఇది ఇంకా పెద్దది.

మా అక్క కొడుకుకి పదకొండేళ్లు. వాడికి ఈ ఆట నేనే నేర్పాను, 'ఫిషర్ రాండమ్' అనే చెప్పాను. మర్నాడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. "మామయ్యా, ఈ ఫిషర్ చెడ్డవాడా?" వెతికి చదివేశాడు. ఫిషర్ వాళ్లమ్మ యూదు. అయినా ఆయన జీవితాంతం యూదుల మీద విషం కక్కాడు. హిట్లర్ కాలంలో జరిగిన మారణహోమమే అబద్ధం అన్నాడు. 2001 సెప్టెంబర్ 11న అమెరికా మీద దాడులు జరిగితే, ఫిలిప్పీన్స్ రేడియోలో వాటిని మెచ్చుకున్నాడు. ఇవన్నీ రికార్డులో ఉన్నవే, నేను కల్పించేవి కాదు. ఆయన 2008లో రేక్యవిక్‌లో చనిపోయాడు.

పదకొండేళ్ల పిల్లాడికి నేను ఏం చెప్పాలి? "ఆటలో గొప్పవాడు, మాటల్లో కాదు" అన్నాను. వాడు వెంటనే, "మరి పేరెందుకు పెట్టారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

చెస్960 అన్న పేరు మాత్రం ఊరికే రాలేదు. జర్మనీలోని మైంజ్‌లో హాన్స్-వాల్టర్ ష్మిట్ అనే ఆయన ఈ ఆటకి పెద్ద పోటీలు నడిపాడు. 2001లో అక్కడే లేకో, ఆడమ్స్ మ్యాచ్ జరిగింది. కొత్త పేరు వెతికేటప్పుడు వాళ్లు మూడు షరతులు పెట్టుకున్నారు. ఏ గ్రాండ్‌మాస్టర్ పేరూ ఉండకూడదు. 'రాండమ్', 'ఫ్రీస్టైల్' లాంటి వదులు మాటలు ఉండకూడదు. ప్రపంచంలో ఎవరికైనా అర్థం కావాలి. అలా అంకె వచ్చింది. అంకెకి భాష అడ్డం రాదు కదా. ఫిడే రూల్స్ పుస్తకంలో కూడా చెస్960 అనే ఉంది. తమాషా ఏంటంటే, అదే ఫిడే 2019లో, 2022లో పెట్టిన ప్రపంచ పోటీలకి మాత్రం ఫిషర్ రాండమ్ అనే పేరు వాడింది.

ఇంక 'ఫ్రీస్టైల్'. 2025 జులైలో లాస్ వేగాస్ ఫ్రీస్టైల్ టోర్నమెంట్‌లో మన వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ సెమీఫైనల్ దాకా వెళ్లాడు. అదే టోర్నమెంట్‌లో ప్రజ్ఞానంద కార్ల్‌సన్‌ని ఓడించాడు. చూడ్డానికి రెండు కళ్లూ చాల్లేదు. కానీ ఆ పేరు మీద నాకు ఒక అనుమానం ఉంది. 2005 ప్రాంతంలో 'ఫ్రీస్టైల్ చెస్' అంటే మనుషులు కంప్యూటర్ సాయం తీసుకుని ఆడే పోటీ. అంటే ఆ మాట వేరే ఆటది. ఇప్పుడు డబ్బు పెట్టి టోర్నమెంట్లు నడిపేవాళ్లు దాన్ని దీనికి తగిలించారు. 'ప్రపంచ ఛాంపియన్‌షిప్' అన్న మాట ఎవరు వాడాలన్నదాని మీద 2025 మొదట్లో వాళ్లకీ ఫిడేకీ గొడవ కూడా అయింది. కనిపెట్టినవాడి పేరు తీసేసి, డబ్బు పెట్టినవాడి బ్రాండ్ పెడితే అది న్యాయం అయిపోదు. బోర్డు నాది కాబట్టి ఆట నాది అన్నట్టే ఉంటుంది.

మరి నా అభిప్రాయం ఏంటి? ఆటకి ఆట పేరే ఉండాలి. మన 'చదరంగం' చూడండి. చతురంగం, అంటే ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం, ఈ నాలుగు అంగాలు. పేరులోనే ఆట ఉంది, మనిషి లేడు.

అయితే క్రెడిట్ పోతుంది కదా అంటారు. పోదు. మీరు ఫోన్‌లో 3+2 ఆడతారా? ప్రతి ఎత్తుకీ 2 సెకన్లు కలుస్తాయి కదా. ఆ గడియారానికి 1988లో పేటెంట్ దరఖాస్తు పెట్టింది కూడా ఫిషరే. స్క్రీన్ మీద ఆయన పేరు కనపడదు. కానీ ఎవరిదని అడిగితే జవాబు పేటెంట్ కాగితంలో ఉంది. క్రెడిట్ అంటే అదే. ఎవరు ఏం చేశారో రాసి ఉండాలి, అడిగినప్పుడు చెప్పాలి. పేరు పెట్టడం అంటే సన్మానం. ఆ రెండూ వేరు. ఫిషర్‌కి క్రెడిట్ ఇస్తాను, సన్మానం చేయను. మా అక్క కొడుక్కి ఇప్పుడు ఇదే చెప్పాను. "ఆట పేరు చెస్960. క్యాస్లింగ్ రూల్ ఫిషర్‌ది. ఆయన మాట్లాడిన మాటలు మాత్రం ఘోరం." మూడూ నిజమే కాబట్టి, మూడూ చెప్పాలి.

చివరిగా నా బాకీ. ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసేముందు ఆ గ్రూప్‌లో రాశాను: "ఇది నా ఆట కాదు. మూత పెట్టింది నేను, రూల్ పెట్టింది వీడు. ఇన్నేళ్లూ చెప్పనందుకు సారీ." మావాడు అరగంటకి ఫోన్ చేశాడు. తిడతాడేమో అనుకున్నా. వాడన్నదేంటంటే, "రూల్ నాదేరా. కానీ ఇంకోదాన్ని చంపగానే పాత పవర్ పోవాలి అన్నది పక్క రూమ్ జూనియర్ గాడు. అది లేకపోతే ఆట పది ఎత్తుల్లో అయిపోయేది. వాడి పేరు కూడా రాయి."

రాశాను. ఇప్పుడు మా గ్రూప్‌లో ఆ ఆట పేరు 'మూత చెస్'. కింద ముగ్గురి పేర్లూ ఉన్నాయి, ఎవరు ఏం చేశారో కూడా ఉంది.

మీ కాలేజీలో, మీ వీధిలో కూడా ఇలాంటి ఆట ఒకటి ఉండే ఉంటుంది. అది నిజంగా ఎవరి ఐడియానో ఒక్కసారి గుర్తు తెచ్చుకుని, వాళ్లకి ఒక ఫోన్ చేయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.