కాజా అను చిన్నమాట
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



వేలూరు, గుడియాత్తము ప్రాంతములలో మన బిడ్డలు వీధిలో తమిళమును, చదువులో ఆంగ్లమును విరివిగా వినుచున్నారు. ఈ నడుమ తెలుగు ఎట్లు నిలుచునో ఒక చిన్నమాట ఆధారముగా మనవి చేసెదము. ఆ మాట కాజా.

చొక్కాకు బొత్తాము దూర్చు రంధ్రమే కాజా. గుడ్డను చిన్నగా చీల్చి, పోగులు విడిపోకుండ అంచుల చుట్టును దగ్గర దగ్గరగా దారముతో కుట్టుదురు. గుడియాత్తము మగ్గముల మీద నేసిన లుంగీకి ఈ పని లేదు. చొక్కా, కోటు వచ్చిన పిదపనే మనకు ఈ మాటలు కావలసివచ్చినవి.

బొత్తాము, కాజా రెండును పోర్చుగీసు మాటలనుండి వచ్చినవే. ఆ దేశపు ఓడలు 1498లో మలబారు తీరము చేరినవి. తమిళులు పొత్తాన్, కాజా అందురు. హిందీ, మరాఠీలలో కాజ్ అందురు. పోర్చుగీసు భాషలో ఆ మాటకు ఇల్లు అనియు అర్థము కలదు. బొత్తాము కుదురుకొను ఇల్లు గనుక ఆ పేరు తగియేయున్నది.

తాపేశ్వరపు మడత కాజా, కాకినాడ గొట్టము కాజా తినుబండారములు. పలుకు ఒక్కటే, వస్తువు వేరు. “కాజాలు కుట్టించితివా?” అన్నచో దర్జీ గుర్తుకు వచ్చును, “కాజాలు తెచ్చితివా?” అన్నచో నోరూరును.

ఆంగ్లమున బటన్‌హోల్ అనగా కోటు కాజాలో ధరించు పువ్వు కూడ. నెహ్రూగారి గులాబి అందరెరిగినదే. పోవువానిని నిలిపి మాటలతో వదలకుండుటకును వారు ఆ మాటనే వాడుదురు. దానిని మాటకు మాట తెనిగించినచో నవ్వులపాలగుదుము. మనవారు “దారికాచి పట్టుకొని వదలలేదు” అందురు.

ఐదవ తరగతిలో కాజా అననేమని అడిగితిమి. పలువురు మిఠాయి అనిరి. ఒక బాలిక మాత్రము చొక్కా చూపి చెప్పినది. ఆమె తల్లి ఇంటియొద్ద కాజాలు కుట్టి సంపాదించుచున్నదట. ఆ మాట ఆమెకు మా పాఠ్యపుస్తకము నేర్పలేదు.

ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు మాతృభాషలో బోధనకు ఏర్పాట్లుండవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. 2006 చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి అంచెలంచెలుగా తప్పనిసరి పాఠ్యమైనది. తమిళమును మన బిడ్డలు చక్కగా నేర్వవలసినదే. అది మనకు అన్నము పెట్టు నేల భాష. అయితే తెలుగును చట్టమొక్కటియే నిలుపజాలదు.

కనుక తల్లిదండ్రులకు మా విన్నపమిది. మీ చేతిపనిలోని, వంటయింటిలోని వస్తువులను బిడ్డలయెదుట తెలుగు పేర్లతోనే పిలువుడు. వారు తప్పుగా పలికినచో నవ్వక దిద్దుడు. పాఠశాల బొత్తామును కుట్టి పంపగలదు. కాజాను మీ యింటనే కుట్టవలెను. అది లేనిచో బొత్తామెంత చక్కనిదైనను చొక్కా నిలువదు.