వేలిముద్ర వేసే ముందు



పేద పిల్లల బడులకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు గురించి, అందులో తల్లిదండ్రుల పాత్ర గురించి మాట్లాడమని సంఘం వాళ్లు మాకు చెప్పారు. హాస్టల్ వార్డెన్లం కాబట్టి బియ్యం, పప్పు, నూనె లెక్కలు చెబుతామని అనుకున్నారేమో. అవి రోజూ ఉండేవే. ఈ రోజు కాస్త దూరం, అమెరికా దాకా వెళ్లి మళ్లీ మన గూడేనికి వద్దాం. ఈ తంటా అక్కడ అరవై ఏళ్లుగా నడుస్తోంది. అందులో ఆదివాసుల కథ కూడా ఉంది.

1965 ఏప్రిల్ 11న ఆ దేశాధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సాస్‌లో తాను చిన్నప్పుడు చదివిన ఒంటిగది బడి ముందు బల్ల వేయించుకున్నాడు. తనకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ కేట్ లోనీని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. ఆయన కుర్రతనంలో కొటుల్లా అనే ఊళ్లో పేద మెక్సికన్ కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పినవాడు. అక్కడ బడి ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. అందుకే పేదలుండే ఊళ్లో బడి కూడా పేదగానే ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి పేద పిల్లల సంఖ్యను బట్టి ఫెడరల్ ప్రభుత్వం, అంటే మన లెక్కలో కేంద్రం, డబ్బు పంపాలని ఆ చట్టంలో రాశారు. ఆ భాగం పేరు టైటిల్ వన్. మొదట్లో ఏడాదికి సుమారు 100 కోట్ల డాలర్లు ఉండేది, ఈ మధ్య 1,800 కోట్లు దాటింది.

డబ్బు బయలుదేరింది. పిల్లల దగ్గరికి చేరిందా? 1969లో రూబీ మార్టిన్, ఫిలిస్ మెక్లూర్ అనే ఇద్దరు మహిళలు ప్రభుత్వ ఆడిట్ కాగితాలన్నీ తిరగేసి ఒక నివేదిక రాశారు. పేద పిల్లల పేరు మీద వచ్చిన సొమ్మును చాలాచోట్ల మామూలు ఖర్చుల్లో కలిపేసుకున్నారని అందులో తేల్చారు. ఈత కొలనులు కొన్నవాళ్లు కూడా ఉన్నారు. ఇక్కడ ఒక్కటి గమనించండి. ఆ ఇద్దరూ కొత్తగా ఏ రహస్యమూ తవ్వి తీయలేదు. కాగితాల్లో ఉన్నదే చదివారు.

ఆ తర్వాత అక్కడ తల్లిదండ్రుల సలహా మండళ్లు తప్పనిసరి అయ్యాయి. 1981లో ఆ నిబంధన తీసేశారు. మళ్లీ కొన్నేళ్లకు వేరే రూపంలో తెచ్చారు. ఇప్పుడున్న చట్టం ప్రకారం 5 లక్షల డాలర్లకు మించి టైటిల్ వన్ నిధులు తీసుకునే జిల్లా, అందులో కనీసం 1 శాతం తల్లిదండ్రుల భాగస్వామ్యానికే కేటాయించాలి. దాంట్లో 90 శాతం బడులకే చేరాలి. మీటింగులు వాళ్లకు వీలైన వేళల్లో, పొద్దున గానీ సాయంత్రం గానీ పెట్టాలి. రావడానికి బండి ఖర్చు, వాళ్లు మీటింగులో ఉన్నంతసేపు చంటిపిల్లల్ని చూసుకునే ఖర్చు ఆ నిధుల నుంచి ఇవ్వవచ్చు. వీలైనంత వరకు సమాచారం వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి.

అంత డబ్బున్న దేశంలో కూడా కూలి పని మానుకుని తల్లి బడికి రాలేదని చట్టం రాసినవాళ్లు ఒప్పుకున్నారు. మనమేమో తునికాకు కోత రోజుల్లో, పొద్దున పదిన్నరకు మీటింగు పెడతాం. ఎవరూ రాకపోతే స్టాఫ్ రూములో కూర్చుని "వీళ్లకు పిల్లల మీద శ్రద్ధ లేదండీ" అంటాం. ఈ మాట మేమూ అన్నాం. దాచుకోవడం లేదు.

ఇక అక్కడి ఆదివాసుల సంగతి. వాళ్ల చట్టాల్లో వాళ్లను ఇండియన్లు అంటారు. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో వాళ్ల పిల్లల కోసం ప్రభుత్వం బోర్డింగ్ స్కూలు తెరిచింది. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఆ నమూనాలో ఇంకా చాలా బడులు వచ్చాయి. పిల్లల్ని ఇంటికి దూరం చేయడమే చదువని వాళ్ల నమ్మకం. ఇది చదివినప్పుడు హాస్టల్ నడిపే మాలాంటివాళ్లకు గొంతు పట్టేసింది. మేం ఎవరి భాషకూ అడ్డు చెప్పలేదు. కానీ గేటు బయట తల్లిని ఎంతసేపు నిలబెట్టామో మాకు తెలుసు.

1966లో ఆరిజోనాలో రఫ్ రాక్ అనే చోట నవాహో తెగ వాళ్లు తమ బడిని తామే నడుపుకోవడం మొదలుపెట్టారు. పాలకవర్గంలో ఎన్నికైనవాళ్లంతా ఆ తెగవాళ్లే, వాళ్లలో ఎక్కువమందికి బడి చదువు అంతగా లేదు. ఆ బడికి వసతి గృహం కూడా ఉంది. అక్కడ తల్లిదండ్రులు వంతులవారీగా వచ్చి ఉండి, పిల్లల్ని చూసుకుంటూ తమ భాషలో కథలు చెప్పేవారు. ఆరేళ్లకు, 1972లో, ఇండియన్ విద్యా చట్టం వచ్చింది. ఆ చట్టం కింద డబ్బు కావాలంటే బడులు తల్లిదండ్రుల కమిటీ వేసి, దాని ఆమోదం తెచ్చుకోవాలి. ఇప్పటి చట్టం ప్రకారం ఆ ఆమోదం రాతపూర్వకంగా ఉండాలి, కమిటీలో సగానికి మించి తల్లిదండ్రులు, కుటుంబ సభ్యులే ఉండాలి. అవసరమైన చోట హైస్కూలు విద్యార్థులు కూడా సభ్యులుగా ఉండవచ్చు. అంటే మీ వయసువాళ్లు.

మనకు ఇలాంటిది లేదనుకోకండి. విద్యాహక్కు చట్టం, 2009లో వచ్చింది, 21వ సెక్షన్. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడడం ఆ కమిటీ పని అని చట్టంలోనే ఉంది. సమగ్ర శిక్ష కింద మన రెండు రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున డబ్బు పెడతాయి. కాగితం మీద మన అమ్మలకు అంత హక్కుంది.

ఆ కాగితాన్ని మేం ఏం చేశామో చెబుతాం. హాస్టల్‌కు ఆదివారం తల్లులు పిల్లల్ని చూడడానికి వస్తారు. ఉడకబెట్టిన దుంపలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు మూట కట్టుకుని, కొండ దిగి, ఆటో పట్టుకుని వస్తారు. శనివారమే బడి నుంచి తీర్మానాల పుస్తకం మా దగ్గరికి పంపేవారు, వచ్చిన కమిటీ తల్లులతో వేలిముద్రలు వేయించి పెట్టమని. మేం వేయించేవాళ్లం. గత తీర్మానం చూసి తేదీ మార్చి రాసిన పుస్తకం అది. "మేడం, ఇది దేనికి?" అంటే "బడి పనికమ్మా" అనేవాళ్లం. ఆ తల్లి పిల్ల కోసం వచ్చింది, పిల్ల లోపలుంది. ఇంకేం అడుగుతుంది?

ఒక ఆదివారం ఒకామె వెంట ఇంటర్ చదివే కొడుకు వచ్చాడు, చెల్లెల్ని చూడడానికి. వాళ్లమ్మ బొటనవేలు స్టాంపు ప్యాడ్ మీద పెట్టేసరికి, ఒక్క నిమిషం అని పుస్తకం తన వైపు తిప్పుకుని చదివాడు. చదివింది కోయలో అమ్మకు చెప్పాడు. బాలికల మరుగుదొడ్ల తలుపుల మరమ్మతు పూర్తయింది, బిల్లు ఆమోదించడమైనది అని ఉంది. పక్కనే దుంప తింటున్న చెల్లెలు తలెత్తి, "తలుపెక్కడుందన్నా? మేం చున్నీ కట్టుకుంటాం కదా" అంది.

ఆ తల్లి వేలు గాల్లోనే ఆగింది. తర్వాత కొంగుకు తుడుచుకుంది.

మాకు ముందు వచ్చింది కోపమే. ఈ కుర్రాడికెందుకీ పెత్తనం అనిపించింది. బడివాళ్లు మమ్మల్ని గట్టిగానే మందలించారు. తర్వాత నెమ్మదిగా ఆరా తీస్తే ఎవరో మూటకట్టుకుపోయిన కథ కూడా కాదది. పని రేపు అయిపోతుందిలే అని ముందే రాసుకున్నారు, ఆ రేపు రాలేదు. ఆ మధ్యలో మన ఆడపిల్లలు ఒక వానాకాలమంతా చున్నీ కట్టుకున్నారు. అదే బడి పక్కన ఉంటూ మేం ఒక్కసారీ ఆ తలుపుల వైపు చూడలేదు. ముద్ర ఆగిన మూడు వారాలకు తలుపులు వచ్చాయి.

అతను చేసిందల్లా చదవడం, అమ్మ భాషలో చెప్పడం. మార్టిన్, మెక్లూర్ చేసింది కూడా మొదట చదవడమే. మీలో తెలుగు, ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు ఇంతమంది ఉన్నారు. మీ అమ్మ కమిటీలో ఉందో లేదో మీలో ఎంతమందికి తెలుసు? ఇంటికి వెళ్లగానే అడగండి. ఉంటే మీటింగుకు వెంట వెళ్లి పక్కన కూర్చోండి. మాటలు ఆమెను ఆడనివ్వండి, మీరు అందుకోవద్దు. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఆ వస్తువు ఎక్కడుంది అని ఆమె అడిగితే చాలు. టీచర్లతో గొడవకు దిగమని మేం చెప్పడం లేదు. ఒంటరిగా రెండు తరగతులు నెట్టుకొస్తున్న టీచరుకు కూడా, నిజంగా ఇంకొకరు కావాలని తీర్మానం చేసి పంపే కమిటీ ఉంటే బలమే. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. దరఖాస్తు తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. రాయడం రాకపోతే మా దగ్గరికి రండి, నేర్పుతాం.

మా హాస్టల్ పిల్లలు చదివే బడిలో మీటింగు ఇప్పుడు నెలలో మొదటి ఆదివారం, తల్లులు ఎలాగూ వచ్చే రోజున పెడుతున్నారు. పదకొండు గంటలకు, హాస్టల్ వరండాలో. పుస్తకం ముందు కోయలో చదువుతారు. చదవడం అయ్యేదాకా స్టాంపు ప్యాడ్ మా బీరువాలోనే ఉంటుంది, తాళం మా కొంగుకు. వచ్చే నెల చదవడానికి ఇద్దరు కావాలి. భోజనాలయ్యాక మా దగ్గర పేర్లు రాయించండి.