బోర్డు కాదు, మనల్ని ఎరిగిన డాక్టర్ కావాలె

(మండల కేంద్రంల జరిగిన ప్రజారోగ్య సదస్సుల చేసిన ప్రసంగ పాఠం)



మేం ఈడికి రాంగనే ఒక పెద్దాయన అడిగిండు: ‘‘ఊళ్లెనే దవాఖాన పెడ్తున్నరు గదా, ఇంక ఈ మీటింగ్ ఎందుకు?’’ మంచి ప్రశ్న. జవాబుకు ముందు మా వాడకట్టు ముచ్చట ఒకటి చెప్తం.

మా పక్కింటి అవ్వకు బీపీ. సర్కారు గోలీలే వేసుకునేది. గోలీలు అయిపోతే రెండుసార్లు నడిచిపోయింది, రెండుసార్లు తాళం చూసి తిరిగొచ్చింది. రెండు నెల్లు గోలి లేదు. ఒకనాడు పొద్దుగాల లేస్తే కుడిచెయ్యి పడిపోయింది. కొడుకు అప్పు చేసి పట్నం తీస్కపోయిండు. అప్పు మిగిలింది, చెయ్యి రాలేదు. అవ్వ ఎందుకు వస్తలేదని అడిగే డాక్టర్ ఒక్కడుంటే ఇంత దూరం వచ్చేదా?

పైసలు లేవని ఎవరికీ వైద్యం ఆగొద్దని 1946లనే భోర్ కమిటీ చెప్పింది. కానీ మైదాన ప్రాంతంల 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమనే లెక్క పెట్టుకున్నం. అంతమందిని ఒకరిద్దరు డాక్టర్లు పేరుపెట్టి పిలువగలరా? 2007ల ఆరోగ్యశ్రీ వచ్చింది. పెద్ద ఆపరేషన్లయి మస్తుమంది బతికిన్రు, కాదనం. అయితే గుండె కోయడానికి పైసలు దొరికినయి గానీ, గుండె చెడకుండ చూసే డాక్టర్ ఊరికి రాలేదు.

2018ల హైదరాబాద్‌ల బస్తీ దవాఖానలు మొదలైనయి. ఐదు నుంచి పది వేల మందికి ఒకటి. ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక సహాయకులు. తర్వాత ఊళ్లల్ల ఉపకేంద్రాలను పల్లె దవాఖానలు చేసిన్రు. 2023 ఏప్రిల్‌ల ఆంధ్రప్రదేశ్‌ల ‘ఫ్యామిలీ డాక్టర్’ పథకం పెట్టిన్రు. డాక్టర్ 104 బండితోని నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నది అండ్ల ముఖ్యమైన మాట. క్యూబాల 1984 నుంచే డాక్టరూ నర్సూ వాడల మధ్యనే ఉండి ఇంటింటినీ ఎరిగి వైద్యం చేసే పద్ధతి నడిపిన్రు.

ఈ విస్తరణ మంచిదే, మేం స్వాగతిస్తున్నం. కానీ అసలు సంగతి భవనాల లెక్కల లేదు. అడగవలసినవి నాలుగే. ఒకటి, ఏ ఊరికి ఏ డాక్టరో పేరు గోడ మీద రాయాలె, ఏడాదికోసారి మారొద్దు. రెండు, ప్రతి కుటుంబానికి ఒక పుస్తకం ఉండాలె. బీపీ, షుగర్ ఉన్నోళ్లు గోలీలకు రాకుంటే ఆశా అక్క ఇంటికి పోయి అడగాలె. మూడు, కూలికి పోయెటోళ్లు పగలు రాలేరు, వారంల రెండు రోజులన్నా పొద్దుమూకినంక తెరవాలె. నాలుగు, ఖాళీ పోస్టులు నింపాలె, వచ్చినోళ్లకు ఉండటానికి ఇల్లియ్యాలె. డాక్టర్ కూడ మనిషే.

సర్కారును అడిగి ఊకుంటే సరిపోదు. 2005ల మొదలైన గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఊరికొక ఆరోగ్య, పారిశుధ్య కమిటీ ఉండాలె. మీ ఊరి కమిటీల ఎవరున్నరో మీకు ఎరుకేనా? గ్రామసభల అడగండి. జవాబు రాకుంటే అదే 2005ల వచ్చిన సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తు పెట్టండి.

పెద్దాయనా, మీ ప్రశ్నకు జవాబు ఇదే: బోర్డు పడంగనే దవాఖాన అయిపోదు. తాళం తీసేటోళ్లు ఉన్నరా, అవ్వ పేరు ఎరిగినోళ్లు ఉన్నరా అని అడిగే ఊరుంటేనే అది దవాఖాన. మీటింగ్ అందుకే!